ఒకటింపావు చుట్టు

జూన్ పధ్నాలుగు, గురువారం. ఆ పొద్దున ఇద్దరూ తిన్నది కాల్చిన రొట్టె, చెరో రెండు ఉడికించిన గుడ్లు, సగం సగం కోసుకున్న ఒక బత్తాయి. ఆమె తన గుడ్లలో ఒకటి ఆయన పళ్ళెంలోకి తోసేసి, "ఇవాళ నాకు గొంతు దిగదండీ," అంది. అప్పటికి ఆమెకు యాభై ఒకటి నిండాయి. ఆ రోజు మొట్టమొదటిసారి పక్కన ఎవరూ లేకుండా తానే కారు నడుపుకుంటూ తను పనిచేసే లైబ్రరీకి వెళ్ళాలి. తేదీలు గుర్తుపెట్టుకోవడం ఆయనకు ఉద్యోగంతో వచ్చిన అలవాటు. ముప్పై మూడేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా గీసిన ప్రతి కాగితానికీ కుడివైపు కింది మూలన తేదీ వేసి పొట్టి సంతకం పెట్టిన చెయ్యి. ఏం తిన్నామన్నది గుర్తుండడం మాత్రం ఆమె పోయిన తర్వాత మొదలైంది. ఏదో ఒక తేదీ పట్టుకుంటే చాలు, దాని వెనకాలే ఒక పళ్ళెం వస్తుంది, పళ్ళెం వెనకాల ఒక చెయ్యి, ఆ చేతికి గడియారం, గడియారం తీసిన చోట చర్మం మీద ఎండ తగలని తెల్లటి పట్టీ. అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. మొహం రావడానికి ఇంకాస్త సమయం పడుతుంది. ఒక్కోరోజు అసలు రాదు.

ఇప్పుడు ఆదివారం సాయంత్రం ఐదున్నర. ఇంటి పక్క షెడ్డులో బానెట్ ఎత్తి కడ్డీ మీద నిలబెట్టి, ఇంజను వేడెక్కేదాకా ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇరవయ్యారేళ్ళ బండి. కదలకుండా ఉన్నప్పుడు ఒకసారి గొంతు పెంచి అరుస్తుంది, మరుక్షణం ఊపిరి అందనట్టు జారిపోతుంది, ఇక అయిపోయిందనుకునేలోగా ఉలిక్కిపడి లేస్తుంది. రోడ్డు మీద బాగానే పరిగెడుతుంది, ఆపి నిలబెడితేనే దానికి స్థిమితం ఉండదు. కూతురు నిన్న దాన్ని సిగ్నల్ దాకా తీసుకెళ్ళి వచ్చి తాళాలు బల్ల మీద గిరాటేసింది. "నాన్నా, అది కారు కాదు. అందరి ముందూ నా మీద అరుస్తోంది. పక్క స్కూటర్ ఆయన హెల్మెట్ తీసి మరీ చూశాడు!" రేపటి నుంచి ఆమెకు ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో తెల్లవారుజాము డ్యూటీ, ఐదింటికల్లా కుర్చీలో ఉండాలి. ఆ వేళప్పుడు బస్సుల్లేవు. లైసెన్సు చేతికొచ్చి మూడు వారాలు, అది కూడా రెండో ప్రయత్నంలో. మధ్యలో వంతెన ఎక్కుడు, సరిగ్గా ఆ ఎక్కుడు మీదే సిగ్నల్. నాలుగున్నరకు ఆ చీకట్లో, ఆ ఎక్కుడు మీద, వెనక లారీ పెట్టుకుని కూతురు ఒక్కతే. ఆ బొమ్మ ఆయన మనసులో మూడు రోజులుగా గీసి ఉంది, చెరిపేకొద్దీ గీత ముదురుతోంది.

వేడెక్కాలి. చల్లటి ఇంజను దగ్గర ఏ స్క్రూ తిప్పినా అది అబద్ధమే చెబుతుందనేవాడు మేస్త్రి. చెవుల మేస్త్రి అనేవారు అతన్ని అందరూ. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు, ఫోనులో దూరపు బంధువుతో మాట్లాడుతున్నట్టు మధ్యమధ్య "ఊఁ... ఊఁ" అని తలాడించేవాడు. ఇప్పుడతని కొట్టు లేదు. ఆ స్థలంలో కళ్ళద్దాల దుకాణం వెలిసింది, మేస్త్రికి చెవులు మందగించాయట. ఆ మాట విన్నప్పుడు ఎందుకో నవ్వొచ్చి, వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది. భార్య బతికుంటే ఇద్దరూ కలిసి సిగ్గుపడేవాళ్ళు. పాపం అనుకుంటూనే ఇంకొంచెం నవ్వేది. ఒక్కడే సిగ్గుపడడం ఎంత బరువో చెప్పలేం. షెడ్డు గోడకి మేకులు, మేకులకి పాత బెల్టులు, ఒక సైకిలు పంపు, తుప్పు పట్టిన తాళంచెవుల గుత్తి, ఏ తలుపుకి చెందినవో ఇంట్లో ఎవరికీ తెలీదు. కిటికీలోంచి పడుతున్న ఎండ కార్బురేటరు మీద చిన్న చెంచా అంత మేర వెలుగు పోసింది. ఆ మాత్రం వెలుగు సరిగ్గా కావలసిన చోట పడినందుకు ఆయన మనసులో ఎవరికో కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఆమె పోయాక ఈ పధ్నాలుగు నెలలుగా ఆయన బతుకు ఇలాంటి వాటి మీదే నడుస్తోంది. నిద్ర పట్టని రాత్రి కూతురి గదిలోంచి దగ్గు, పాలవాడు గేటు మోగించకుండా సీసా పెట్టి వెళ్ళడం, బ్యాంకులో ఉమ్మడి ఖాతా మార్చే అమ్మాయి ఆమె పేరు కొట్టివేసేటప్పుడు స్కేలు పెట్టి తిన్నగా గీయడం.

ఆ వెలుగులో స్క్రూ కనిపిస్తోంది. ఇత్తడిది, తలకాయ మీద అడ్డంగా గాడి. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేసినప్పుడు కూడా ఇంజను ఆగిపోకుండా ఎంత గాలి మింగాలో చెప్పేది అదొక్కటే. లోపలికి బిగిస్తే ఇంజను వేగం పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. దాని తల మీదా, పక్కనున్న రేకు మీదా కలిసేటట్టు తెల్లరంగుతో ఒక గీత ఉండాలి, చెవుల మేస్త్రి పెట్టింది, ఇదీ సరైన చోటు అని. స్క్రూ మీది సగం గీత ఒకవైపు, రేకు మీది సగం ఇంకోవైపు. రెండింటి మధ్య దూరం ఎంతో ఈ లోకంలో ఆయనొక్కడికే తెలుసు. ఒకటింపావు చుట్టు. ఎవరూ కొలవక్కర్లేదు, కొలిచింది తనే, తిప్పింది తనే.

ముందురోజు, అంటే జూన్ పదమూడు, బుధవారం. ఏం తిన్నారో ఎంత వెతికినా రావడం లేదు, బహుశా ఏమీ తినలేదేమో. సాయంత్రం వంతెన పక్కన మట్టి ఎక్కుడు మీద ఆమె పదకొండుసార్లు బండి ఆపేసింది. క్లచ్ మీది కాలు వదలడం, బండి ఒక్క కుదుపుతో చచ్చిపోవడం. పదకొండోసారి స్టీరింగ్ మీద నుదురు ఆనించి, ఏడుపు కూడా చప్పుడు లేకుండా, "నాకు రాదు లెండి. ఈ వయసులో ఎందుకీ సరదా, నలుగురూ నవ్విపోడానికి కాకపోతే. నా బస్సు నాకుంది," అంది. ఆయన అదేం కాదులే, వస్తుందిలే అన్నాడు. ఆ మాటలకు బలం లేదని ఇద్దరికీ తెలుసు. ఇంటికొచ్చాక ఆమె పడుకుంది. ఆయన షెడ్డులోకి వచ్చి, ఇదే స్టూలు మీద కూర్చుని, ఇదే స్క్రూడ్రైవరుతో, ముందు అర చుట్టు, తర్వాత ఇంకో అర, చివరికి పావు. ఇంజను వేగం ఎక్కువగా ఉంటే క్లచ్ ఎంత మొరటుగా వదిలినా బండి ఆగదు, తనంతట తనే ముందుకు పాకుతుంది. చంటిపిల్ల నడకకి వెనక నుంచి రెండు వేళ్ళు పట్టుకున్నట్టు. నాలుగు రోజులే అనుకున్నాడు. చెయ్యి కుదిరేదాకా. తర్వాత మెల్లగా దించెయ్యొచ్చు, ఆమెకు తెలీకుండానే.

మర్నాడు సాయంత్రం గేటు దగ్గర హారన్. పోఁ పోఁ పోఁ, మూడుసార్లు. ఆయన బయటికొచ్చేసరికి కారులోంచి దిగకుండానే అద్దం దించి, "ఒక్కసారి కూడా ఆగలేదండీ! వంతెన మీద కూడా! వెనక బస్సుంది తెలుసా, పెద్ద బస్సు!" లోపలికొచ్చి చెప్పులు విప్పకుండానే చెల్లెలికి ఫోను. "నేను నడుపుకొచ్చానే! నేనే! ఎవరు నేర్పుతారు, మీ బావే. లేదే, అరవలేదు, ఒక్క మాటన్లేదు." ఆయన వంటింట్లో నిలబడి అదంతా విన్నాడు. అంత సంతోషం ఆయన ఎన్నడూ ఎవరికీ ఇవ్వలేదు. పెళ్ళికీ ఇవ్వలేదు, పిల్ల పుట్టినప్పుడూ ఇవ్వలేదు. అలాంటి సంతోషాన్ని ఎవడు తిరిగి తీసుకుంటాడు? నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి, ఏడేళ్ళయ్యాయి. ప్రతిసారీ సర్వీసుకి ఆయనే తీసుకెళ్ళేవాడు, మేస్త్రి వేగం గీత దగ్గరికి దించేవాడు, ఇంటికొచ్చి ఆమె చూడకముందే ఆయన ఒకటింపావు చుట్టు ఎక్కించేవాడు. "సార్, మీ బండికేదో దయ్యం పట్టింది. నేను దించుతా, అది ఎక్కుతుంది. నేను దించుతా, అది ఎక్కుతుంది. మంత్రగాడికి చూపించండి, నావల్ల కాదు," అనేవాడు మేస్త్రి, మొహం మీద నవ్వు కనిపించకుండా. ఆయన కూడా అంతే గంభీరంగా, "పాత బండి కదా మేస్త్రీ," అనేవాడు. ఆయన కంటికి ఆపరేషనైనప్పుడు, ఒక కన్నుకి కట్టు, ఇంకో కన్నులో నీళ్ళు, ఆమె పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. దారంతా ఊరి వీధులన్నీ ఆయనకు వర్ణించి చెబుతూ, ఇదిగో పోస్టాఫీసు, ఇదిగో మీకు నచ్చని ఆ పసుప్పచ్చ మేడ, ఇదిగో సిగ్నల్, పచ్చ పడింది, వెళుతున్నాం. కిటికీలోంచి బయటికి పెట్టిన మోచెయ్యి. ఆ మోచెయ్యి చూస్తే చాలు, అసలైన డ్రైవరని ఎవరైనా అనుకుంటారు.

ఇంజను వేడెక్కింది. చేత్తో తడిమితే చురుక్కుమంది. అప్పుడే కూతురు రెండు కప్పుల టీతో వచ్చింది. ఒకటి గోడ గట్టు మీద పెట్టి, రెండోది తను పట్టుకుని, డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు తెరిచే ఉంచింది. "చెప్పు నాన్నా, ఏం తొక్కమంటే అది తొక్కుతా. బయట మాత్రం నువ్వే చూసుకో, నా చేతులకి గ్రీసంటితే రేపు రక్తం తీయించుకునేవాళ్ళు పారిపోతారు." ఆయన స్క్రూడ్రైవరు గాడిలో పెట్టాడు. ఎడమ వైపుకి. పావు. ఇంజను కాస్త తగ్గింది. ఇంకో పావు. ఎవరో గుంపులోంచి నడుచుకుంటూ దూరమవుతున్నట్టు చప్పుడు పలచబడింది. గీతకి గీత ఇంకా ముప్పావు చుట్టు దూరం ఉండగానే బండి మొత్తం వణికి, బానెట్ కడ్డీ టపటప కొట్టుకుని, టక్కున ఆగిపోయింది. షెడ్డు నిండా నిశ్శబ్దం. మళ్ళీ స్టార్టు. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారీ అంతే. ఎక్కువ వేగంతో అయితే అరుస్తూ ఉంటుంది, ఉండవలసిన వేగంతో బతకలేదు. "పాడైపోయిందా?" అంది కూతురు. "ఆగు, చూద్దాం," అన్నాడాయన. రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటే వేళ్ళతో నొక్కి చూశాడు, ఎక్కడా పగులు లేదు, గాలి పీలుస్తున్న ఈల లేదు. ప్లగ్గులు మొన్ననే మార్చాడు. ఇక మిగిలింది ఒక్కటే, కార్బురేటరు పక్కన గోరంత స్లో జెట్. బండి ఊరికే నిలబడి తిరిగేటప్పుడు దానికి పెట్రోలు పోసే సన్నటి రంధ్రం.

విప్పి అరచేతిలో పెట్టుకుంటే గోధుమగింజంత బరువు కూడా లేదు. కిటికీకి ఎదురుగా పట్టి చూశాడు. రంధ్రంలోంచి వెలుగు రావాలి, రాలేదు. నల్లటి జిగురు గడ్డకట్టింది. ఆయనకి మెల్లగా అర్థమైంది. జెట్‌ని అరచేతిలో మూసుకుని మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళు తను ఎక్కించి పెట్టిన ఆ ఒకటింపావు చుట్టు వల్ల ఇంజను అడ్డదారిన పెట్రోలు తాగింది. దానికి ఈ రంధ్రంతో పనే పడలేదు. పని లేని దారి పూడుకుపోయింది. పూడుకుపోయిందని తెలియనివ్వకుండా వేగం దాన్ని కప్పిపెట్టింది. వాడకుండా, చెడిపోయిందని కూడా తెలియకుండా. సైకిలు పంపు కొన దానికి ఆనించి కొట్టాడు, పెట్రోలులో నానేశాడు, మళ్ళీ కొట్టాడు. తీగ దూర్చకూడదు, రంధ్రం పెద్దదైతే ఇక బాగుపడదు. ఓపిక పట్టాలి. కూతురు సీట్లోంచి తల బయట పెట్టి చూస్తోంది, ఏమీ మాట్లాడడం లేదు, వాళ్ళమ్మకి కూడా ఆ గుణముండేది, పని మీదున్న మనిషిని మాటలతో కదపకపోవడం. తొమ్మిదోసారో పదోసారో కిటికీకెత్తి చూస్తే, సూదిమొనంత వెలుగు. ఉంది. ఆ పాటి వెలుగుకే ఆయన కళ్ళు చెమర్చాయి. పెట్రోలు ఘాటు అనుకోవచ్చు.

జెట్ బిగించి స్టార్టు చేయమన్నాడు. తడబడింది గానీ చావలేదు. పక్కనున్న రెండో స్క్రూని, పెట్రోలూ గాలీ పాళ్ళు కుదిర్చేదాన్ని, కాస్త ఇటు కాస్త అటు తిప్పుతూ చెవి పెట్టాడు. అరుపులు పోయాయి, జారడాలు పోయాయి. మొదటి స్క్రూని మళ్ళీ వదులు చేసుకుంటూ వచ్చాడు. తెల్లగీతకి తెల్లగీత కలిసింది. ఇంజను తిరుగుతోంది. గుడ్డి లాంతరు దగ్గర కూర్చుని కూనిరాగం తీసుకునే మనిషిలా, తనకి తాను వినపడేంత మెల్లగా. ఇంత నెమ్మదిగా ఈ బండి గొంతు ఆయన ఎన్నేళ్ళుగా వినలేదు! ఇలా ఉంటే క్లచ్ దగ్గర కొంచెం తేడా వచ్చినా ఆగిపోతుంది. వంతెన. నాలుగున్నర. వెనక లారీ. ఆయన చెయ్యి ఇంకా స్క్రూడ్రైవరు మీదే ఉంది. ఒకటింపావు అక్కర్లేదు. ముప్పావు చాలు. పోనీ అర. నాలుగు రోజులు, చెయ్యి కుదిరేదాకా. మణికట్టు కుడివైపుకి తిరగడం, ఇంజను చప్పుడు వెంట్రుకవాసి పైకి లేవడం రెండూ ఒకేసారి జరిగాయి.

"నాన్నా."

"ఊఁ."

"చాలు. దించెయ్. అమ్మకి పెట్టినట్టు నాకు పెట్టకు."

ఆయన చెయ్యి అక్కడే ఉండిపోయింది. బానెట్ అడ్డం ఉండడం మంచిదైంది, మొహాలు కనపడవు. "అమ్మకి ఏం పెట్టాను?" అన్నాడు, తన గొంతు తనకే ఎవరిదోలా వినపడింది. కూతురు ఇంజను ఆపేసింది. "అమ్మకి తెలుసు నాన్నా," అంది. "మన బండి రంగులకిచ్చిన వారం అమ్మ పిన్నివాళ్ళ కారు నడుపుకెళ్ళింది కదా. రైలు గేటు దగ్గర ఆగిందట. గేటెత్తారు, బండి కదిలిస్తే ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ. ఐదారుసార్లు. వెనక అందరూ హారన్లు. ఎవడో లారీ క్లీనరు దిగొచ్చి, 'నువ్వు పక్కకి జరుగమ్మా, నేను దాటిస్తా' అని దాటించి వెళ్ళాడట. పిన్నివాళ్ళ బండే పాడై ఉంటుందనుకుంది ముందు. పిన్నిని అడిగితే, 'నా బండికేమే, నిక్షేపంలా ఉంది' అంది. అప్పుడు మేస్త్రి దగ్గరికెళ్ళింది. ఆయన చాలాసేపు నసిగి, ఆఖరికి చెప్పేశాడట, 'అమ్మగారూ, నేను దించుతాను, సారు ఎక్కిస్తారు. ఏడేళ్ళుగా ఇదే ఆట. నన్ను తిట్టకండి' అని."

ఏప్రిల్ రెండు. ఏడేళ్ళ తర్వాతి ఏప్రిల్. ఆ పూట అన్నం, ఉడికించిన బంగాళదుంపలు, ఉప్పు కాస్త ఎక్కువైంది. ఆయన ఇంటికొచ్చేసరికి కారు తాళాలు తలుపు వెనక మేకుకి వేలాడుతున్నాయి. "మోకాలు నొప్పండీ, ఇక నావల్ల కాదు, మీరే నడపండి," అంది. ఆయన నమ్మాడు. నమ్మకపోవడానికేముంది, యాభై ఎనిమిదేళ్ళ మోకాలు. మందుల షాపులో లేపనం కొన్నాడు, ప్రతి రాత్రీ భోజనాలయ్యాక ఆమె కాలు తన ఒళ్ళో పెట్టుకుని పావుగంటసేపు రాసేవాడు, నెలల తరబడి. ఆమె వద్దనలేదు. పుస్తకం చదువుకుంటూ, మధ్యమధ్య, "ఇప్పుడు హాయిగా ఉందండీ," అనేది. ఏ నొప్పీ లేని మోకాలికి. తను ఆమెకు నడపడం వచ్చినట్టు నటించాడు, ఆమె తనకు నొప్పి ఉన్నట్టు నటించింది. ఇద్దరూ ఒకే దీపం కింద, ఒకే మంచం మీద, ఇంత దగ్గరగా.

"బాగా కోపమొచ్చిందా మీ అమ్మకి?"

"వచ్చింది. నేను వేరే ఊళ్ళో ఉన్నప్పుడు నా దగ్గరికొచ్చి నాలుగు రోజులుంది చూడూ, అప్పుడు. 'మీ నాన్న నాకు కారు నేర్పలేదే, కారుకి నన్ను ఓర్చుకోవడం నేర్పాడు,' అంది. నాకు నవ్వొచ్చింది, నవ్వితే కొట్టింది. మరి నాన్నని అడగవా అన్నాను. 'ఏమనడుగుతాను? నీకోసమే చేశానంటాడు. అది నిజమేగా. నిజంతో ఎలా పోట్లాడను,' అంది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది." కప్పులో మిగిలిన టీ నేల మీద పారబోసిన చప్పుడు. "తప్పానులే ఆ ఒట్టు. రేపు నాకు అవసరం."

"ఒక్క మాట నాతో అనుండాల్సింది."

"అంటే ఏం చేసేవాడివి?"

ఏం చేసేవాడు! ఆలోచిస్తే నిజంగానే నవ్వు లాంటిది వచ్చింది. గేర్లే లేని కొత్తరకం బండి కొనేవాడు, అప్పు చేసైనా. మళ్ళీ అదే. ఆమెకి కావలసింది ఎక్కుడు మీద పన్నెండోసారి. తను ఇచ్చింది ఎక్కుడే లేని రోడ్డు. ఆ తర్వాతి మూడేళ్ళూ ఆయనే నడిపాడు, ఆమె పక్క సీట్లో. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడల్లా ఆమె ఎడమ కాలు చాప మీద అటూ ఇటూ కదిలేది. మడమ నేలకి ఆనించి, పాదం కిందికి నొక్కి, పచ్చ పడగానే మెల్లగా, చాలా మెల్లగా పైకి తీసేది, వేళ్ళ దగ్గర ఒక్క క్షణం ఆపి. ఆయన అది చూశాడు. చూసి, తిమ్మిరెక్కిందేమోనని, "కాలు చాపుకో, సీటు వెనక్కి జరుపుకో," అనేవాడు. ఆమె, "పర్లేదండీ," అనేది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. మూడేళ్ళు, ఎన్ని సిగ్నళ్ళు, ఎన్ని పచ్చదీపాలు. లేని క్లచ్‌ని నొక్కి వదిలి, నొక్కి వదిలి, ఎక్కడ ఆపాలో పట్టుకుంది. పట్టుకునే ఉంటుంది. ఆ కాలికి వచ్చేసే ఉంటుంది. ఒక్కసారి తాళాలిచ్చి ఇవాళ నువ్వు నడుపు అని ఉంటే! మోకాలు కదా, శ్రమ పెట్టడమెందుకని అనలేదు. ఆఖరి ప్రయాణంలో కూడా, ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు, దుప్పటి కప్పుకుని వెనక సీట్లో వాలి ఉంది కాబట్టి ఆ కాలు కనపడలేదు. కనపడకపోవడమే మేలనిపించింది ఆయనకి. వెంటనే, కాదు, అదీ చూసి ఉండాల్సింది అనిపించింది.

ఆయన లేచాడు. వెంట్రుకవాసి ఎక్కిన స్క్రూని తిరిగి వదులు చేశాడు, గీతకి గీత కలిసేదాకా. "స్టార్టు చెయ్," అన్నాడు. కూనిరాగం మళ్ళీ మొదలైంది. బానెట్ దించి రెండు చేతులతో నొక్కాడు. కూతురు బండి వెనక్కి తీసి సందులో నిలబెట్టింది, ఆయన గేటు దగ్గర. క్లచ్ వదిలింది, ఆగిపోయింది. మళ్ళీ. ఆగిపోయింది. మూడోసారి బండి కప్పలా గెంతి మరీ ఆగింది. ఎదురింటి దర్జీ మిషను మీంచి తలెత్తి, "ఏమ్మాయ్, బండికి ఎక్కిళ్ళా? కాసిని మంచినీళ్ళు పట్టించు!" అన్నాడు. "మీ మిషనుకి దారం తెగినప్పుడు నేనేమన్నా అన్నానా బాబాయ్!" అంది కూతురు, చెవులు ఎర్రబడి. దర్జీ పెద్దగా నవ్వి, మళ్ళీ పనిలో పడ్డాడు. నాలుగు. ఐదు. ప్రతిసారీ ఆయన ఛాతీలో కూడా ఏదో టక్కున ఆగింది. కాలు కొంచెం అక్కడ ఆపు, వేళ్ళ దగ్గర, అని చెప్పొచ్చు. చెప్పబోయి, చేతులు వీపు వెనక్కి కట్టుకున్నాడు. ఆరోసారి కూతురు స్టీరింగ్ మీద నుదురు ఆనించింది. ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు, అదేం కాదులే, వస్తుందిలే అనలేదు. ఆమె తలెత్తింది, జుట్టు వెనక్కి తోసుకుంది, తాళం తిప్పింది. ఏడోసారి బండి అసలేమీ పట్టనట్టు, నీళ్ళ మీద ఆకులా, మెల్లగా కదిలింది. సందు చివర ఎర్రలైటు ఒకసారి వెలిగి, మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

ముప్పై ఎనిమిది నిమిషాలు. గేటు ఊచ పట్టుకుని ఆయన లెక్కపెట్టుకున్నాడు. వీధి దీపాలొచ్చాయి, దర్జీ మిషను మీద గుడ్డ కప్పి కొట్టు కట్టేశాడు. దూరంగా ఎక్కడో హారన్లు మోగినప్పుడల్లా అవి తన బిడ్డ మీదే అనిపించింది. చివరికి రెండు దీపాలు మలుపులోంచి వచ్చి, ఇంటి ముందు నెమ్మదించి, గేటు దగ్గర ఒకసారి ఆగిపోయి, మళ్ళీ అందుకుని, షెడ్డులోకి వచ్చేశాయి. కూతురు దిగింది. వీపు మీద చొక్కా తడిసి అతుక్కుంది. "వంతెన మీద రెండుసార్లు ఆగింది. వెనక ఒకాయన హారన్ మీద పడుకున్నాడు," అంది. "పడుకోనీ అనుకున్నా." ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేసి తీశాడు. ఇద్దరూ నిన్నటి కూర వేడిచేసుకుని తిన్నారు. ఎనిమిదిన్నరకే ఆమె నాలుగింటికి అలారం పెట్టుకుని దీపం ఆర్పేసింది.

తొమ్మిదికి ఆయన షెడ్డులోకి వెళ్ళాడు. చేతిలో స్క్రూడ్రైవరు. ఎందుకు తెచ్చుకున్నాడో తనకే తెలీదని చెప్పుకోవచ్చు గానీ, తెలుసు. బానెట్ మీద చెయ్యి పెట్టాడు, ఇంకా వెచ్చగా ఉంది. లోపల ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. పావు చుట్టు. పావు చుట్టయితే ఎవరికీ తెలీదు. ఆ జూన్ పదమూడు రాత్రి కూడా సరిగ్గా ఇలాగే అనుకున్నాడు. ఎవరికీ తెలీదు అన్న ఆ మాటలోనే ఎంత ప్రేమ ఉండేది! ఇప్పుడు అదే మాట నోట్లో ఇనుములా ఉంది. రేపు ఎక్కుడు మీద బండి ఆగుతుంది. ఆగొచ్చు. రెండుసార్లు, మూడుసార్లు. వెనక ఎవరో అరుస్తారు. ఆమె తాళం తిప్పుతుంది. అదంతా తను లేని చోట జరుగుతుంది, తను ఇక్కడ మంచం మీద కళ్ళు తెరుచుకుని పడుకునుంటాడు, అంతే, అంతకంటే చేయగలిగింది లేదు. నిలబడే కాస్తసేపు ఏడ్చాడు, కూతురి గది కిటికీ ఇటువైపే ఉందని గుర్తుంచుకుని. బానెట్ ఎత్తకుండానే స్క్రూడ్రైవరు మేకుల పక్కన అరలో పెట్టి, దీపం తీసేసి, బయటికొచ్చి, రేకు తలుపు కింద పాదం ఆనించి కొంచెం పైకెత్తి పట్టుకుని, నేలకి గీసుకోకుండా, చప్పుడు కాకుండా, మెల్లగా మూసి గడియ పెట్టాడు.